బస్సు టికెట్టు బొమ్మగా మారే దారి

మీరు బస్సెక్కి కూర్చున్నారు. కండక్టరుగారు చేతిలోని చిన్న మిషను మీద నాలుగు మీటలు నొక్కగానే కిర్రుమంటూ ఒక చీటీ బయటికి వచ్చింది. దిగేదాకా దాన్ని జేబులో దాచుకోవడం, దిగాక పారెయ్యడం మనకు అలవాటు. ఈసారి పారేసే ముందు ఒకసారి చదవండి. డిపో పేరు, తేదీ, గంటలు, నిమిషాలు, ఎక్కిన స్టేజీ, దిగవలసిన స్టేజీ, టికెట్టు రకం, ఇచ్చిన డబ్బు. అరచెయ్యంత కూడా లేని కాగితం మీద ఇన్ని సంగతులు ఉంటాయి.

చీటీ మీ చేతికి వచ్చినా ఈ సంగతులన్నీ మిషను జ్ఞాపకంలో ఉండిపోతాయి. అక్కడినుంచి డిపోకు, డిపోనుంచి పెద్ద ఆఫీసులోని కంప్యూటరుకు చేరతాయి. మర్నాడు డిపో మేనేజరుగారు తన గదిలో తెర ముందు కూర్చుంటే అక్కడ చీటీలేమీ కనిపించవు. రంగురంగుల కమ్మీలు, ఎక్కుతూ దిగుతూ పోయే గీతలు, నాలుగైదు పెద్ద అంకెలు కనిపిస్తాయి. వేలకొద్దీ చీటీలు ఒక్క రాత్రిలో ఒక బొమ్మ అయిపోయాయన్నమాట! ఈ పని చేసే సాఫ్ట్‌వేరును ‘బిజినెస్ ఇంటెలిజెన్స్’ సాఫ్ట్‌వేరు అంటారు. పొడి అక్షరాలలో బి.ఐ. అందులో బొమ్మ గీసే భాగానికి ‘డేటా విజువలైజేషన్’ అని పేరు. డేటా అంటే మరేమీ కాదు, మీ లెక్కల పుస్తకంలో ‘దత్తాంశాలు’ అని చదువుకున్నవే.

బొమ్మ అందరికీ కనిపిస్తుంది. దాని కింద జరిగే పని మాత్రం కనిపించదు. కాని ఆ బొమ్మను చూసే ఏ ఊరికి బస్సు వెయ్యాలో, ఏ ఊరి బస్సు తీసెయ్యాలో నిర్ణయిస్తారు. అందుచేత చీటీ బొమ్మగా మారే దారి వెంట మనమూ ఒకసారి నడిచి చూద్దాం.

పేరులో ఉన్న వేగు

‘ఇంటెలిజెన్స్’ అనగానే తెలివితేటలు అని అర్థం చెప్పుకుంటాం. ఇక్కడ ఆ అర్థం పూర్తిగా సరిపోదు. ఇంగ్లీషులో ఆ మాటకు ‘వేగు’ అనే అర్థం కూడా ఉంది. పూర్వం రాజుల దగ్గర వేగులవాళ్ళు ఉండేవారు గదా! ఎక్కడెక్కడో జరిగే సంగతులను పోగుచేసి, వాటిలో పనికివచ్చేవి ఏరి, వేళకు రాజు చెవిని వెయ్యడం వాళ్ళ పని. వ్యాపారంలో ఆ పని చేసేదే బిజినెస్ ఇంటెలిజెన్స్.

1958 అక్టోబరులో ఐ.బి.ఎం. సంస్థ తన పరిశోధన పత్రికలో హాన్స్ పీటర్ లూన్ అనే ఇంజనీరు వ్యాసం ఒకటి అచ్చువేసింది. ఆ వ్యాసానికి పెట్టిన పేరులోనే ఈ మాట ఉంది. సంస్థకు వచ్చే కాగితాలన్నిటినీ యంత్రమే చదివి, సారాంశం తీసి, ఎవరికి ఏది అవసరమో వారికి అది పంపాలని ఆయన ఊహించాడు. ఇప్పటి రంగుల బొమ్మలు ఆయన ఊహలో లేవు. సరైన సమాచారం సరైన మనిషికి సరైన వేళకు చేరాలన్న ఉద్దేశం మాత్రం అప్పటిదే. (బ్యాంకు కార్డు మీది అంకెలలో ఒకటి తప్పు కొడితే కంప్యూటరు ఠక్కున పట్టేస్తుంది చూశారా? ఆ లెక్క కనిపెట్టినవాడు కూడా ఈ లూన్‌గారే.)

ఇంత హంగామా ఎందుకు, లెక్కల పుస్తకం చాలదా అని మీరు అడగవచ్చు. 1932లో హైదరాబాదు రాజ్యంలో నిజాం ప్రభుత్వ రైల్వేవారు రోడ్డు మీద బస్సులు నడపడం మొదలుపెట్టినప్పుడు వారి దగ్గర ఉన్నవి 27 బస్సులు. ఇరవై ఏడింటి లెక్క పుస్తకాలలో రాసుకుని చూడవచ్చు. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ 1999 నాటికి ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులు గల సంస్థగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అన్ని వేల బస్సుల చీటీలను పుస్తకంలో రాసుకుని, పేజీలు తిరగేసి నిర్ణయాలు తీసుకోవాలంటే అవి తిరగేసేలోపు సంవత్సరం తిరిగిపోతుంది.

ఎక్కడెక్కడినుంచి వస్తాయి?

మన సౌలభ్యం కోసం ఒక ఊహా డిపోను తీసుకుందాం. దానికి అరవై బస్సులు. ఇక్కడినుంచి ఆ డిపో గురించి చెప్పే అంకెలన్నీ కల్పితాలే, లెక్క చేసే పద్ధతి మాత్రం నిజం.

ఈ డిపోలో దత్తాంశాలు పుట్టే చోట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. టికెట్టు మిషను ఒకటి. డీజిలు పోసే చోట ఏ బస్సుకు ఎన్ని లీటర్లు పోశారో రాసే పద్దు ఒకటి. గ్యారేజిలో ఏ బస్సుకు ఏమి మరమ్మతు చేశారో రాసే పుస్తకం ఒకటి. ఏ డ్రైవరు, ఏ కండక్టరు ఏ రోజు ఏ సర్వీసు మీద వెళ్ళారో చూపే డ్యూటీ చార్టు ఒకటి. బస్‌స్టాండులో పాసులు ఇచ్చే కౌంటరు మరొకటి. వీటిని ‘మూలాలు’ అంటారు.

ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. వీటిలో ఏదీ బొమ్మ గియ్యడం కోసం పుట్టలేదు. టికెట్టు మిషను పుట్టింది డబ్బు లెక్క తేలడం కోసం. మిషన్లు రాకముందు కండక్టర్లు రంగురంగుల టికెట్ల బ్లాకులు ట్రేలో పెట్టుకుని, ఒక్కొక్క స్టేజీ దగ్గర టికెట్ల నంబర్లు ‘ఎస్.ఆర్.’ అనే కాగితంలో నింపేవారు. ఆ రెండక్షరాలకు అర్థం గణాంకాల నివేదిక అనే. కాని దాన్ని కండక్టరు నింపేది గణాంకశాస్త్రం మీద ప్రేమతో కాదు, చెకింగువాళ్ళు ఎక్కితే డబ్బు సరిపోవాలని! ఎందుకోసం రాశారో ఆ పనికి సరిపడేంతే రాస్తారు. మిగతాది వదిలేస్తారు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

చెరగడం, జల్లించడం, పొయ్యడం

మూలాలనుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే వాడడం కుదరదు. కళ్లంలోంచి వచ్చిన గింజలను ఎవరూ నేరుగా ఎసట్లో పొయ్యరు. చేటతో చెరిగి, జల్లెడ పట్టి, రాళ్ళు ఏరి గాదెలో పోస్తారు. బి.ఐ. సాఫ్ట్‌వేరులో రెండో భాగం చేసేది ఇదే: మూలంలోంచి తియ్యడం, బాగుచెయ్యడం, గాదెలో పొయ్యడం. ఈ పని సాధారణంగా రాత్రి, బస్సులు డిపో చేరాక, దానంతట అదే జరిగిపోతుంది. అన్ని భాగాలలోకీ శ్రమ ఎక్కువ, పేరు తక్కువ వచ్చేది దీనికేనని నా అభిప్రాయం.

ఎటువంటి రాళ్ళు తగులుతాయో చూడండి. ఒక పద్దులో ‘రాజమండ్రి’ అని ఉంటుంది. ఇంకొక పద్దులో ‘రాజమహేంద్రవరం’ అని ఉంటుంది. మూడో చోట తొందరలో ‘రా.మండ్రి’ అని కొట్టేశారు. మనకు మూడూ ఒక్క ఊరే. కంప్యూటరుకు అక్షరం మారితే ఊరు మారినట్టే, అది మూడు ఊళ్ళని లెక్కవేస్తుంది. దీనికి సరిగ్గా ఎదురు చిక్కు కూడా ఉంది. ‘కొత్తపేట’ అన్న పేరుతో మన రాష్ట్రాలలో ఎన్ని ఊళ్ళు లేవు! అక్షరాలు ఒకటేనని వాటన్నిటినీ ఒక్క ఊరిగా కలిపేస్తే ఇంకా ప్రమాదం. అందుకే ప్రతి స్టేజీకీ పేరుతో పాటు ఒక సంకేత సంఖ్య ఇస్తారు.

తేదీల గొడవ వేరు. 05-06 అంటే జూన్ అయిదో తేదీయా, మే ఆరో తేదీయా? రాత్రి పదింటికి బయలుదేరి తెల్లవారుజామున అయిదింటికి చేరే బస్సు రాబడి ఏ రోజు ఖాతాలో వెయ్యాలి? ఏదో ఒకటి నిశ్చయించుకోవచ్చు, తప్పు లేదు. కాని డీజిలు పద్దు బయలుదేరిన రోజునూ, టికెట్టు పద్దు చేరిన రోజునూ పట్టుకుంటే, ఆ బస్సు ఒకరోజు డీజిలు తాగి రాబడి తేనట్టూ, మర్నాడు డీజిలే తాగకుండా పరుగెత్తినట్టూ కనిపిస్తుంది.

పద్దులు ఒకదానితో ఒకటి పొసగకపోవడం కొత్త సమస్యేమీ కాదు. 1854లో క్రిమియా యుద్ధం జరుగుతుండగా ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్ళింది. ఆమెను దీపం పట్టుకున్న దేవతగా మీ పాఠంలో చదివే ఉంటారు. అక్కడ ఆమెను కలవరపెట్టిన వాటిలో లెక్కలు కూడా ఉన్నాయి. చనిపోయిన సైనికుల సంఖ్యను మూడు చోట్ల, మూడు రకాలుగా రాస్తున్నారు. ఖననం చేసినవారి పట్టీ ఒకటి, డాక్టర్ల పట్టీ ఒకటి, ఆఫీసు పట్టీ ఒకటి. మూడూ మూడు సంఖ్యలు చెప్పేవి! ఎందరు పోయారో తెలియకపోతే ఎందువల్ల పోయారో ఎలా తెలుస్తుంది? ఇంగ్లండుకు తిరిగివచ్చాక ఆమె విలియం ఫార్ అనే గణాంక నిపుణుడి సాయంతో ఆ లెక్కలను సరిచేసి, నెలలవారీగా, కారణాలవారీగా విడదీసింది. గాయాలవల్ల పోయినవారికంటే కలరా, విరేచనాలు, జ్వరాలవల్ల పోయినవారు ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. అంటే శుభ్రతతో ఆపగలిగిన చావులే ఎక్కువ. 1858లో ఆమె దాన్ని రంగుల బొమ్మగా అచ్చువేయించి పెద్దలకు పంచింది. ఆ బొమ్మ ఎంతో ప్రసిద్ధం. దానికి ముందు జరిగిన ఏరివేత మాత్రం చాలామందికి తెలియదు.

గాదె

బాగుచేసిన దత్తాంశాలను పోసే చోటుకు ‘డేటా వేర్‌హౌస్’ అని పేరు. వేర్‌హౌస్ అంటే గోదాము. టికెట్టు మిషన్ల కంప్యూటరు ఉండగా వేరే గాదె ఎందుకు? ఆ కంప్యూటరు నిమిష నిమిషానికీ కొత్త టికెట్లు రాసుకుంటూ ఉంటుంది. అది ఊపిరి సలపని పనిలో ఉండగా, గడిచిన మూడేళ్ళ సంక్రాంతి రద్దీని పోల్చి చెప్పమంటే రెండు పనులూ చెడతాయి. అదీకాక అక్కడ పాతవి చెరిపేస్తూ ఉంటారు. గాదెలో పాతవాటిని చెరపరు, కొత్తవి చేరుస్తారు.

గాదెలో అమరిక ముచ్చటగా ఉంటుంది. మధ్యలో ఒక పెద్ద పట్టిక, దానిలో ఒక్కొక్క టికెట్టుకు ఒక్కొక్క వరస. చుట్టూ చిన్న పట్టికలు: స్టేజీల వివరాలు ఒకదానిలో, బస్సుల వివరాలు ఒకదానిలో, తేదీల వివరాలు ఇంకొకదానిలో. తేదీల పట్టికలో ఆ రోజు వారం ఏమిటో, బడి సెలవా కాదా, పండుగా, సంతరోజా అన్నది కూడా రాసిపెట్టవచ్చు. పెద్ద పట్టికలో సంకేత సంఖ్యలు మాత్రమే ఉంటాయి, వాటి అర్థం చుట్టూ ఉన్న పట్టికలు చెబుతాయి. గీసి చూస్తే నడుమ ఒక గుండ్రం, దానినుంచి నాలుగు వైపులా కిరణాలు. అందుకే దీన్ని ‘నక్షత్ర నమూనా’ అంటారు.

సూత్రం ఎక్కడ దాచాలి?

బస్సు డిపోలలో ‘ఇ.పి.కె.’ అన్న మాట తరచు వినిపిస్తుంది. కిలోమీటరుకు వచ్చిన రాబడి అని దాని అర్థం. బస్సు లాభంలో ఉందా, నష్టంలో ఉందా అని చూడడానికి మొదట అడిగే అంకె అదే.

ఒక చిన్న లెక్క చెయ్యండి. మొదటి బస్సు 100 కిలోమీటర్లు నడిచి 5,000 రూపాయలు తెచ్చింది. రెండోది 20 కిలోమీటర్లు నడిచి 400 రూపాయలు తెచ్చింది. మొదటిదాని ఇ.పి.కె. 50, రెండోదాని ఇ.పి.కె. 20. రెండూ కలిపి ఎంత? 50, 20 కలిపి రెండుతో భాగిస్తే 35 వస్తుంది. కాని అసలు జరిగినదేమిటి? మొత్తం 120 కిలోమీటర్లు నడిచి 5,400 రూపాయలు వచ్చాయి. 5,400ను 120తో భాగిస్తే 45. రెండు జవాబులకూ పది రూపాయల తేడా! రెండో జవాబే సరైనది. సగటులకు మళ్ళీ సగటు తీస్తే 20 కిలోమీటర్ల బస్సుకూ 100 కిలోమీటర్ల బస్సుకూ సమానమైన గౌరవం ఇచ్చినట్టవుతుంది.

ఒక గుమాస్తా 35 అనీ, మరొక గుమాస్తా 45 అనీ రాసుకుని వస్తే మీటింగులో పొద్దంతా ఎవరి అంకె సరైనదనే వాదనతోనే గడిచిపోతుంది. అందుకే బి.ఐ. సాఫ్ట్‌వేరులో ఒక భాగం సూత్రాలు దాచడానికే ఉంటుంది. ఇ.పి.కె. అంటే ఇది, సీట్లు నిండిన శాతం అంటే ఇది అని ఒక్కసారి, ఒక్కచోట రాసిపెడతారు. ఎవరు అడిగినా అదే సూత్రం, అదే జవాబు.

ఇంకొక వసతి కూడా ఇక్కడే ఉంది. జున్ను గిన్నెలోంచి తీసిన చతురస్రపు ముక్కను ఊహించుకోండి. దాని పొడుగు వెంట రూట్లు, వెడల్పు వెంట తేదీలు, ఎత్తు వెంట టికెట్టు రకాలు ఉన్నాయనుకుందాం. నిలువుగా ఒక పలక కోస్తే ఒకే రూటుకు సంబంధించిన అన్ని రోజుల సంగతులూ వస్తాయి. అడ్డంగా కోస్తే ఒకే రకం టికెట్ల లెక్క అన్ని రూట్లకూ వస్తుంది. సంవత్సరం మీద వేలు పెడితే నెలలు, నెల మీద వేలు పెడితే రోజులు, రోజు మీద పెడితే ట్రిప్పులు విచ్చుకుంటాయి. రకరకాలుగా కొయ్యడానికి వీలుగా కూడికలన్నీ ముందే చేసిపెట్టుకునే ఈ ఏర్పాటును ‘డేటా క్యూబ్’, అంటే దత్తాంశాల ఘనం అంటారు.

బొమ్మ

ఇప్పటికి బొమ్మ దగ్గరకు వచ్చాం. అంకెలను కమ్మీలుగా గియ్యడం ప్రచారంలోకి తెచ్చినవాడు విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండువాడు. 1786లో అచ్చయిన ఆయన పుస్తకంలో దేశాల ఎగుమతులు, దిగుమతులు ఏటేటా ఎలా మారాయో గీతలుగా గీశాడు. స్కాట్లండు దగ్గరకు వచ్చేసరికి ఒక్క సంవత్సరపు లెక్కలే దొరికాయి. ఒక్క సంవత్సరంతో గీత ఎలా సాగుతుంది? అందుకని ఒక్కొక్క దేశానికి ఎగుమతుల కమ్మీ ఒకటి, దిగుమతుల కమ్మీ ఒకటి గీశాడు. మీరు లెక్కల పరీక్షలో గీసే కమ్మీ రేఖాచిత్రం దత్తాంశాలు చాలక పుట్టిందన్నమాట! 1801లో వృత్త రేఖాచిత్రాన్ని కూడా ఆయనే అచ్చువేశాడు.

ఏ బొమ్మ ఎప్పుడు గియ్యాలి? కాలంతో మార్పు చూపడానికి గీత, వస్తువులను పోల్చడానికి కమ్మీ, రెండు కొలతలకు సంబంధం ఉందా అని చూడడానికి చుక్కలు. స్థూలంగా ఇంతే. మరి వృత్త రేఖాచిత్రం? ఒక ప్రయోగం చేసి చూడండి. వృత్తం గీసి 18, 19, 20, 21, 22 శాతాలుగా అయిదు భాగాలు చెయ్యండి. కోణాలు వరసగా 64.8, 68.4, 72, 75.6, 79.2 డిగ్రీలు రావాలి. భాగాలను వరసతప్పించి అమర్చండి, అంకెలు వెయ్యకండి. అన్నిటికంటె పెద్ద ముక్క ఏదో చెప్పమని మీ చెల్లెలికో తమ్ముడికో చూపించండి. తర్వాత అవే అయిదు సంఖ్యలను గళ్ళ కాగితం మీద కమ్మీలుగా గీసి చూపించండి. రెండోసారి ఇట్టే చెప్పేస్తారు. 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇటువంటి పరీక్షలే జరిపారు. ఒకే ఆధారరేఖ మీద నిలిచిన ఎత్తులను కన్ను బాగా పోల్చగలదనీ, కోణాలను, వైశాల్యాలను అంత బాగా పోల్చలేదనీ తేల్చారు. నైటింగేల్ బొమ్మలో నెలకొక ముక్క చొప్పున పన్నెండు ముక్కలు, వైశాల్యాన్నిబట్టి సంఖ్య. అందంలో దానికి సాటి లేదు కాని, చదవడానికి మామూలు గీతే తేలిక.

తెరమీద బొమ్మలన్నీ ఒకచోట చేర్చిన పలకను ‘డాష్‌బోర్డు’ అంటారు. బస్సులో డ్రైవరు ఎదుట వేగం చూపే ముల్లు, డీజిలు చూపే ముల్లు ఉండే పలక పేరు అదే. అంతకుముందు అది గుర్రబ్బండి ముందుభాగాన, గుర్రపు డెక్కలు చిమ్మే బురద పడకుండా అడ్డం పెట్టే చెక్క! ఆ చెక్క ఇంతదూరం వచ్చి కంప్యూటరులో కూర్చుంది. డాష్‌బోర్డులు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధననుంచి పుట్టి 2003లో సంస్థగా ఏర్పడిన టాబ్లో, 2015లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన పవర్ బి.ఐ. వాటిలో పేరుపొందినవి. ఎవరు ఏ లెక్క చూడవచ్చునో కట్టడి చేసే తాళాల భాగం కూడా వీటిలో ఉంటుంది. ఒక డిపోవారికి మరొక డిపోవారి జీతాల పట్టీ కనపడకూడదు గదా.

బొమ్మతో బోల్తా కొట్టించడం కూడా సులువే. ఒక రూటు ఇ.పి.కె. 42, ఇంకొక రూటుది 44 అనుకోండి. కమ్మీలను సున్నానుంచి మొదలుపెడితే రెండూ దాదాపు ఒకే ఎత్తు. 40నుంచి మొదలుపెడితే ఒకటి రెండు గళ్ళు, రెండోది నాలుగు గళ్ళు! రెట్టింపు రాబడి తెస్తున్నట్టు కనిపిస్తుంది. కమ్మీ రేఖాచిత్రం చూడగానే మీ కన్ను మొదట కింద ఉన్న అంకె మీద పడాలి.

ఎర్ర కమ్మీ

మన ఊహా డిపోలో ఒక ఉదయం తెరమీద ఒక కమ్మీ ఎర్రగా వెలిగింది. డిపోకు 25 కిలోమీటర్ల దూరంలో రోడ్డు చివర ఒక ఊరు ఉంది. ఒక పల్లెవెలుగు బస్సు అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు, మొత్తం 100 కిలోమీటర్లు తిరుగుతుంది. రాబడి 2,400 రూపాయలు, ఇ.పి.కె. 24. డిపో అంతటికీ అదే కనిష్ఠం. బస్సులో సీట్లు 50. పొద్దున ఎనిమిదింటి ట్రిప్పులో మిషను లెక్క ప్రకారం ఎక్కింది 18 మంది, అంటే సీట్లు 36 శాతమే నిండాయి. ఖాళీగా తిరిగే బస్సును తీసేసి వేరే రూటుకు మళ్ళించడం న్యాయమేనని ఎవరికైనా తోస్తుంది.

కాని ఎనిమిదింటికి ఆ బస్సు మెట్టుమీద నిలబడి చూడండి. లోపల 70 మంది! మిగిలిన 52 మంది ఎవరు? పుస్తకాల సంచులతో హైస్కూలుకు వెళ్ళే మీవంటి పిల్లలు. వారి దగ్గర పాసులున్నాయి. పాసు డబ్బు బస్‌స్టాండు కౌంటరులో ఎప్పుడో కట్టారు. ఈ డిపోలో పాసు చూపినవారికి మిషను మీద మీట నొక్కరు, కాబట్టి మిషనుకు వారు బస్సులో లేనట్టే. సీట్లు నిండిన శాతం నిజానికి 140.

బొమ్మ గీసిన భాగం తప్పు చేసిందా? లేదు. సూత్రం తప్పా? కాదు. జల్లెడ, గాదె అన్నీ సక్రమంగానే పనిచేశాయి. మూలంలో లేనిది చివరిదాకా లేకుండానే పోయింది. మిషను డబ్బు లెక్కకోసం పుట్టింది, డబ్బు ఇవ్వని మనిషిని అది రాసుకోలేదు. ఇక ఆ బస్సు ఆగిపోతే ఏమవుతుంది? కొందరు సైకిళ్ళు కొంటారు, కొందరు ఆటోలెక్కుతారు. ఆడపిల్లల్లో కొందరు బడి మానేస్తారు. ఆ సంగతి కూడా ఆ తెరమీద ఎన్నటికీ కనిపించదు.

దీనికి ఉపాయం లేకపోలేదు. పాసుల కౌంటరు పద్దును కూడా గాదెలోకి తెచ్చి కలపవచ్చు. పాసు మీద ఏ ఊరినుంచి ఏ ఊరికో ఉంటుంది గనుక ఆ రూటులో ఎన్ని పాసులున్నాయో తేలుతుంది. ఏ ట్రిప్పులో ఎందరు ఎక్కారన్నది మాత్రం తేలదు. దానికి ఒకటి రెండు రోజులు బస్సులో మనిషిని కూర్చోబెట్టి తలలు లెక్కపెట్టించాలి. అంతకంటే మంచిది, డబ్బు తీసుకోకపోయినా టికెట్టు కొట్టడం. 2023 డిసెంబరు 9న తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. డబ్బు అక్కరలేనప్పుడు టికెట్టు ఎందుకని అనిపించవచ్చు. కాని కొద్ది రోజులలోనే ప్రతి మహిళకూ సున్నా రూపాయల టికెట్టు ఇవ్వసాగారు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన స్త్రీశక్తి పథకంలోనూ అదే పద్ధతి పెట్టారు. ప్రభుత్వంనుంచి సంస్థకు రావలసిన డబ్బు తేలేది ఆ లెక్కతోనే. ఆ చీటీ విలువ సున్నా అయినా అది లేకపోతే ఆ ప్రయాణం గాదెలోకి చేరదు, బొమ్మలోకి ఎక్కదు.

మీరే చేసి చూడండి

ఇదంతా కంప్యూటరు లేకుండా కూడా చెయ్యవచ్చు. నలుగురు స్నేహితులు కలిసి మీ ఊరి బస్సు ఆగే చోట, ఆదివారం మినహా ఒక వారం రోజులు, బడి వేళకు ముందు అరగంట నిలబడండి. రోడ్డుకు దూరంగా నిలబడండి సుమా! ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసుకోండి: తేదీ, వారం, బస్సు వచ్చిన వేళ, రావలసిన వేళ, ఏ ఊరి బస్సు, దిగినవారు, ఎక్కినవారు. ఊరి పేరు ఎలా రాయాలో నలుగురూ ముందే ఒప్పందం చేసుకోండి. ఎవరి పేర్లూ రాయనక్కరలేదు, సంఖ్యలు చాలు. రోజూ ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, సాయంత్రం పోల్చుకోండి. తేడా వస్తే ఎందుకు వచ్చిందో అప్పుడే తేల్చుకోండి.

వారం చివర గళ్ళ కాగితం మీద రోజుకొక కమ్మీ చొప్పున ఎక్కినవారి సంఖ్య గీసి, దాని కిందనే బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో ఇంకొక బొమ్మ గీసి, రెండూ ఒకే అట్టమీద అంటించండి. అది మీ డాష్‌బోర్డు. తరగతిలో గోడకు తగిలించి, లెక్కల మాస్టారిని చూడమనండి.

గళ్ళు గీసేటప్పుడు చివర ఇంకొకటి తప్పక వదలండి. బస్సు ఆపకుండా వెళ్ళిపోయినప్పుడో, ఆపినా కాలు పెట్టడానికి చోటులేనప్పుడో రోడ్డు మీదే మిగిలిపోయినవారి సంఖ్య రాయడానికి. వారికి ఏ మిషనులోనూ టికెట్టు ఉండదు.